ప్రత్యేక విద్యావసరాల పదజాలం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తల్లిదండ్రుల దృష్ట్యా ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గద్వాల ప్రాంతంలోని గట్టు మండలానికి చెందిన ఒక తల్లిని ఊహించుకుందాం. ఆమె కుమారునికి తొమ్మిదేళ్లు. బడి రిజిస్టరులో అతని పేరు ఎదుట 'సీడబ్ల్యూఎస్ఎన్' అని రాసి ఉంది. భవిత కేంద్రంలో అతనిని 'ఐడీ' అంటారు. ఆసుపత్రి ఇచ్చిన ధృవపత్రంలో 'మోడరేట్, 75 శాతం' అని ఉంది. ప్రభుత్వ ప్రకటనలలో అతడు దివ్యాంగుడు, పింఛను కోసం ధర్నా చేసే సంఘం కరపత్రంలో వికలాంగుడు, ఇరుగుపొరుగు వారికి ఎడ్డోడు. బిడ్డ ఒక్కడే. పేర్లు ఆరు. వీటిలో ఏది జబ్బు పేరు, ఏది హక్కు పేరు, ఏది తిట్టు అన్నది ఆమెకు విడమరచి చెప్పేవారు అరుదు.

ఈ పదాలు ఒకే కాలంలో పుట్టినవి కావు, ఒకే పనికి పుట్టినవీ కావు. కొన్ని జనాభా లెక్కల కోసం, కొన్ని ఆస్తి తగాదాలు తీర్చడానికి, కొన్ని వైద్యం కోసం, మరికొన్ని బడిలో చోటు కోసం పుట్టాయి. ఏ పదం ఏ అవసరం నుండి వచ్చిందో తెలిస్తేనే అది ఈనాడు కాగితం మీద ఏమి చేస్తుందో తెలుస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలుగా ఏర్పడిన గద్వాల (జోగుళాంబ గద్వాల), వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాన్ని ఎదుట ఉంచుకొని ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఊరి మాట, లెక్కల మాట, గ్రంథపు మాట

గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలోని సంస్థానాలు. నాగర్‌కర్నూల్ నేరుగా నిజాం పాలనలో ఉన్న తాలూకా. పాలకుల భాష ఉర్దూ, ప్రజల భాష తెలుగు, గద్వాల పడమటి అంచున కన్నడం కూడా. ఈ ప్రాంతపు వాడుకలో చూపు, వినికిడి, నడక లోపాలకు గుడ్డి, చెవిటి, కుంటి, మూగ, అవిటి అన్న స్పష్టమైన మాటలు ఉన్నాయి. బుద్ధి విషయానికి వచ్చేసరికి ఆ స్పష్టత పోతుంది. ఎడ్డి, తిక్క, మొద్దు, పిచ్చి, సోయి లేనోడు అనే మాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. పుట్టుకతో మందంగా ఎదిగే బిడ్డ, నడివయస్సులో మతి చెడినవాడు, చదువు ఎక్కని పిల్లవాడు, చివరకు మాట వినని అల్లరివాడు కూడా ఈ మాటల కిందికే వస్తారు. పల్లె పనిలో ఈ తేడా పెద్దగా అవసరపడలేదు కాబోలు. గొర్రెలు కాయగలిగినవాడు, నాటు వేయగలిగినామె ఆ ఇంట్లో ఏదో ఒక చోటు సంపాదించుకొనేవారు. తేడా తెలియవలసిన అవసరం బడితోపాటు వచ్చింది.

రాజ్యం ఈ మనుషులను మొదట చూసింది లెక్క పెట్టడానికి. బ్రిటిష్ పాలనలో 1872 నుండి 1931 వరకు జరిగిన జనాభా లెక్కలలో 'ఇన్ఫర్మిటీస్' అనే శీర్షిక కింద నాలుగు వర్గాలు నమోదయ్యాయి: మతి చెడినవారు, చెవిటి మూగలు, అంధులు, కుష్ఠు రోగులు. హైదరాబాదు రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది. ఆ నాలుగు గడులలో మందబుద్ధి గల బిడ్డకు ప్రత్యేకమైన గడి లేదు. ఇల్లిల్లూ తిరిగిన ఎన్యూమరేటరు అతనిని మతి చెడినవారిలో వేయాలి, లేదా వదిలివేయాలి. స్వాతంత్ర్యం తరువాత ఈ ప్రశ్న చాలాకాలం అడగబడనే లేదు. 1981లో ఒకసారి అడిగారు, 1991లో మానేశారు, 2001 నుండి మళ్లీ చేర్చారు. అంటే ఒక తరం పిల్లలు ప్రభుత్వ లెక్కలో లేకుండానే పెరిగి పెద్దవారయ్యారు.

మూడవ ప్రవాహం గ్రంథపు మాట. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల నుండి ఈ తాలూకాలలో మిషన్ పాఠశాలల ద్వారా వ్యాపించిన తెలుగు బైబిలు కూడా తనదైన పదజాలాన్ని తెచ్చింది. అందులోని గ్రుడ్డివారు, కుంటివారు వంటి మాటలు ఊరి మాటలకు దగ్గరివే. కానీ 'చాంద్రరోగి' అన్న మాట మన పరిశీలనకు ఎంతో విలువైనది. మత్తయి సువార్త 17వ అధ్యాయంలో ఒక తండ్రి తన కుమారుని తీసుకొనివచ్చిన సందర్భంలో అనువాదకులు వాడిన పదం ఇది. మూలంలోని గ్రీకు క్రియ చంద్రుని పేరు మీద ఏర్పడింది. తెలుగు దానిని అక్షరాలా అనుసరించింది. తరువాతి అనువాదాలు మూర్ఛరోగం అన్నాయి, అక్కడ చెప్పబడిన లక్షణాలకు అదే సరిపోతుంది. చంద్రుని పేరు మీదనే లాటిన్ భాషలో ఏర్పడిన 'లునాటిక్' అన్న మాట మాత్రం సువార్త నుండి కాక చట్టం నుండి మన దేశంలోకి వచ్చింది.

'ఇడియట్' కథ కూడా ఇటువంటిదే. ఈనాడు తిట్టుగా మిగిలిన ఈ మాటకు మూలమైన గ్రీకు పదం అపొస్తలుల కార్యములు 4:13లో ఉంది. తెలుగు అనువాదకులు దానికి 'పామరులు' అన్న చక్కని మాట వాడారు. పదవి, ప్రత్యేక శిక్షణ లేని సామాన్యుడు అన్నదే అక్కడి భావం. సామాన్యుడు అన్న మాట వైద్య నామంగా మారి, చట్టంలోకి ఎక్కి, చివరకు బడిపిల్లల నోట తిట్టుగా దిగజారడానికి పట్టిన దారి పొడవైనది.

'పిచ్చి', 'మాంద్యం' వేరుపడిన విధం

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం లునాటిక్ అన్న పదాన్ని నిర్వచిస్తూ ఇడియట్‌ను, మతిస్థిమితం లేని వ్యక్తిని ఒకే గాటన కట్టింది. ఆ చట్టపు ప్రధాన చింత ఆ వ్యక్తిని ఎక్కడ ఉంచాలి, అతని ఆస్తిని ఎవరు చూడాలి అన్నవే. చదువు దాని పరిధిలో లేదు. మరుసటి సంవత్సరం, 1913లో, ఇంగ్లండు చేసిన మెంటల్ డెఫిషియన్సీ చట్టం మందబుద్ధిని పిచ్చి నుండి వేరుచేసి ఇడియట్, ఇంబెసిల్, ఫీబుల్ మైండెడ్, మోరల్ ఇంబెసిల్ అని నాలుగు తరగతులు చేసింది. నేడు వినడానికి కటువుగా ఉన్న ఈ పేర్లు ఆనాడు శాస్త్రీయ పదాలే.

దాదాపు అదే కాలంలో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ 1905లో తమ ప్రజ్ఞా పరీక్షను ప్రకటించారు. సాధారణ తరగతిలో వెనుకబడే పిల్లలలో ఎవరికి ప్రత్యేక సహాయం కావాలో గుర్తించడం ఫ్రెంచి ప్రభుత్వం వేసిన సంఘం ఉద్దేశం. సహాయం కోసం పుట్టిన కొలబద్ద అది. అమెరికాలో హెన్రీ గొడార్డ్ చేతికి వెళ్లాక అది మనుషులను శాశ్వతంగా వర్గీకరించే సాధనమైంది, 1910లో 'మోరాన్' అన్న కొత్త పేరును కూడా కల్పించింది. కొలిచే సాధనం ఒకటే అయినా కొలిచే చేతి ఉద్దేశాన్ని బట్టి ఫలితం మారుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఈ చరిత్రలో లేదు.

మన దేశంలో పిచ్చికి, బుద్ధిమాంద్యానికి మధ్య గీత చట్టంలో స్పష్టంగా పడింది 1987లో. ఆ సంవత్సరపు మెంటల్ హెల్త్ చట్టం 1912 నాటి చట్టాన్ని రద్దు చేసి, మానసిక రోగి నిర్వచనం నుండి బుద్ధిమాంద్యాన్ని మినహాయించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం కూడా ఆ మినహాయింపును నిలుపుకొంది. తల్లిదండ్రులకు దీని అర్థం చిన్నది కాదు. మానసిక వ్యాధి వచ్చేది, తగ్గేది, మందుకు లొంగేది. బుద్ధి వికాసంలోని లోపం అలాంటిది కాదు. దానికి కావలసింది ముఖ్యంగా నేర్పడం. కానీ మన జిల్లాలలో ఇప్పటికీ 'ఎర్రగడ్డకు తీసుకుపోండి' అన్న ఉచిత సలహా వింటాం. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయం ఉన్న పేట పేరే సగం తిట్టుగా, సగం చిరునామాగా మారిపోయింది. 1987లో చట్టం వేసిన గీత ఊరి రచ్చబండ దాకా ఇంకా రాలేదు.

'బుద్ధిమాంద్యం' అన్న తెలుగు మాటను గూర్చి ఒక పరిశీలన. మాంద్యం అంటే నెమ్మదించడం. అగ్నిమాంద్యం అంటే ఆకలి మందగించడం, మందు వేస్తే పోతుంది. ఆర్థిక మాంద్యం కూడా కొంతకాలానికి తీరుతుంది. అందుచేత బుద్ధిమాంద్యం అని వినగానే తెలుగు తల్లిదండ్రుల మనసు ఔషధం వైపు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. టానిక్కులు, తాయెత్తులు, జాతరలు, ఒక డాక్టరు నుండి మరో డాక్టరు. ఈ తిరుగుడులో బిడ్డ నేర్చుకోగలిగిన తొలి ఐదారేళ్లు గడిచిపోతాయి. ఇది నా అభిప్రాయమే గాని, పదం ఎన్నికలో ఇంత నష్టం దాగి ఉండవచ్చునని అనువాదం చేసేవారు గుర్తించాలి.

హాండీకాప్డ్ అన్న కాలం

1944 నాటి సార్జెంట్ నివేదిక వికలాంగ బాలల విద్య జాతీయ విద్యావ్యవస్థలో ముఖ్యభాగం కావాలని సూచించింది. 1964–66 కొఠారి కమిషన్ ఇంకొక అడుగు వేసింది. కానీ దాని లక్ష్యాలు చూస్తే ఆనాటి నిరాశ తెలుస్తుంది: 1986 నాటికి అంధులు, బధిరులు, అవయవ లోపం గల పిల్లలలో సుమారు 15 శాతానికి, బుద్ధిమాంద్యం గల పిల్లలలో సుమారు 5 శాతానికి చదువు అందించగలిగితే చాలునని అది భావించింది. నూటికి తొంభై అయిదుగురు ఇరవై ఏళ్ల తరువాత కూడా బయటే ఉంటారని ఒప్పుకొన్న లక్ష్యం అది.

1974లో మొదలైన వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం మొదట సంక్షేమ శాఖ చేతిలో ఉండేది. 1982లో విద్యాశాఖకు మారింది. ఈ శాఖ మార్పులో పెద్ద భావమార్పు ఉంది. బిడ్డ దయకు పాత్రుడు అన్న స్థానం నుండి విద్యార్థి అన్న స్థానానికి, కాగితం మీద మాత్రమే అయినా, కదిలాడు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ స్థాపించబడింది. పాలమూరు కుటుంబాలకు ఇది బస్సు ఎక్కితే చేరగలిగిన దూరంలో వచ్చిన జాతీయ స్థాయి సంస్థ. ఆ సంస్థ పేరు మారుతూ వచ్చిన తీరే ఈ చరిత్రకు సంక్షిప్త రూపం. స్థాపించినప్పుడు 'మెంటల్లీ హాండీకాప్డ్' అని ఉన్నది, నేడు 'ఇంటలెక్చువల్ డిజెబిలిటీస్ గల వ్యక్తుల సాధికారత' జాతీయ సంస్థ అయింది. తలుపు అదే, బోర్డు మారింది.

ఈ దశలోనే 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు పదాలను విడదీసింది. ఇంపెయిర్‌మెంట్ అంటే శరీరంలోని లోపం, డిజెబిలిటీ అంటే దాని వలన చేయలేకపోయే పని, హాండీకాప్ అంటే ఆ కారణంగా సమాజంలో ఎదురయ్యే అవరోధం. లోపలి చెవి దెబ్బతినడం మొదటిది, పలికిన మాట వినబడకపోవడం రెండవది, పంతులు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పడం వలన ఆ పిల్లవాడికి పాఠమే లేకుండా పోవడం మూడవది. మొదటిది వైద్యుని పని, మూడవది పంతులు పని. తెలుగులో మనం మూడింటినీ 'వైకల్యం' అనేశాం. అందువలన పంతులు చేయవలసిన పని కూడా వైద్యుని ఖాతాలో పడింది. 2001లో ఆ సంస్థ తన వర్గీకరణను మళ్లీ మార్చి హాండీకాప్ అన్న మాటను వదిలివేసింది. పరిసరాల పాత్రను మాత్రం ఇంకా గట్టిగా చెప్పింది.

'అవసరం' అన్న మాట రాక

ఇంగ్లండులో 1944 విద్యాచట్టం తరువాతి నిబంధనలు పిల్లలను పదకొండు వర్గాలుగా విభజించాయి. వాటిలో 'విద్యాపరంగా సబ్‌నార్మల్' అన్నది ఒకటి. మేరీ వార్నాక్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1978లో సమర్పించిన నివేదిక ఆ వర్గాలను తోసిపుచ్చి, 'ప్రత్యేక విద్యావసరాలు' అన్న పదబంధానికి ప్రచారం కల్పించింది. 1981 చట్టం దానిని స్వీకరించింది. బడి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి అయిదుగురు పిల్లలలో ఒకరికి ప్రత్యేక సహాయం అవసరం కావచ్చునని ఆ సంఘం అంచనా వేసింది. బిడ్డ 'ఏమిటి' అన్న ప్రశ్న స్థానంలో బిడ్డకు 'ఏమి కావాలి' అన్న ప్రశ్న వచ్చి చేరింది. తల్లిదండ్రులను భాగస్వాములుగా గుర్తించాలన్నది కూడా ఆ నివేదికలోని బలమైన వాదన. 1994 జూన్‌లో స్పెయిన్ దేశంలోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు ఆమోదించిన ప్రకటన ఈ పదాన్ని ప్రపంచమంతటికీ తీసుకువెళ్లింది.

సర్వశిక్షా అభియాన్ 2001లో మన పల్లె బడులకు చేరినప్పుడు ఈ పదం దానితో పాటే వచ్చింది, కానీ చిన్న మార్పుతో. ఇంగ్లండులో అది 'విద్యావసరాలు', మనకు వచ్చేసరికి 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు'. నడుమ విద్య జారిపోయింది. సీడబ్ల్యూఎస్ఎన్ అన్న పొడి అక్షరాల వెనుక ఉన్నది ఇదే. ఏ బిడ్డనూ తిప్పి పంపరాదన్న నియమం, బిడ్డకు ఏడాదికి 1200 రూపాయల వరకు కేటాయింపు, మండల కేంద్రాలలో వనరుల గదులు ఈ పథకంలోనివే. ఆ గదులకే తరువాత 'భవిత' అన్న పేరు వచ్చింది. ఈ మొత్తం పదజాలంలో ఎవరినీ నొప్పించని తెలుగు మాట ఇదొక్కటేనని నాకు అనిపిస్తుంది.

'ఇన్‌క్లూజన్' అన్న మాటకు తెలుగులో సహిత విద్య, సమ్మిళిత విద్య, విలీన విద్య అని మూడు అనువాదాలు వాడుకలో ఉన్నాయి. విలీనం అనగానే హైదరాబాదు రాజ్యంలో పుట్టిన తరానికి 1948 సెప్టెంబరు గుర్తుకు వస్తుంది. చిన్నది పెద్దదానిలో కలిసిపోయి తన రూపు కోల్పోవడం విలీనం. పెద్దది తన రూపును మార్చుకొని చిన్నదానికి చోటివ్వడం సహితం. పదాలలో ఉన్న ఈ తేడా ఆచరణలోనూ కనిపిస్తుంది. పిల్లవాని పేరు రిజిస్టరులో చేర్చి వెనుక వరుసలో కూర్చోబెట్టడం విలీనం. అతని కోసం ప్రశ్నపత్రం, కూర్చునే చోటు, పాఠం చెప్పే వేగం మార్చడం సహితం. ఏ బడి ఏది చేస్తున్నదో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే.

అందరికీ బడి సాధ్యం కాదన్న వాస్తవాన్ని 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో జరిగిన సవరణ గుర్తించింది. తీవ్రమైన లేదా బహుళ వైకల్యం గల బిడ్డకు ఇంటివద్ద విద్యను ఎంచుకొనే హక్కు ఇచ్చింది. ఎంచుకొనేది కుటుంబం. బడి ఆ బిడ్డను వద్దనుకొని 'ఇంటివద్ద విద్య' అని రాసుకొంటే అది ఈ హక్కు కాదు, దానికి తలకిందుల రూపం.

శాతాల చిక్కు

ఇక తల్లిదండ్రులను అన్నిటికంటె ఎక్కువగా తికమకపెట్టేది ధృవపత్రం మీది అంకె. దీని మూలం 1995 వికలాంగుల చట్టంలో ఉంది. ఆ చట్టం ఏడు వైకల్యాలను గుర్తించి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ప్రయోజనాలను ముడిపెట్టింది. విరిగిన కాలుకు శాతం కట్టడం ఒక విధంగా ఊహించవచ్చు. బుద్ధికి శాతం కట్టడం ఎలా? దానికి అధికారులు ఒక పట్టిక తయారుచేశారు. 2001 మార్గదర్శకాల ప్రకారం ప్రజ్ఞాలబ్ధి 50–69 మధ్య ఉంటే మైల్డ్, 50 శాతం. 35–49 అయితే మోడరేట్, 75 శాతం. 20–34 అయితే సివియర్, 90 శాతం. 20 కంటె తక్కువైతే ప్రొఫౌండ్, 100 శాతం.

ఇక్కడ అంకెలు రెండు దిక్కులకు నడుస్తున్నాయని గమనించాలి. ప్రజ్ఞాలబ్ధి తగ్గినకొద్దీ వైకల్య శాతం పెరుగుతుంది. కానీ పరీక్ష మార్కులకు అలవాటుపడిన కంటికి 75 అంటే మంచి అంకె. 'సారూ, నూటికి డెబ్బయి అయిదు వచ్చినయి గదా, మరి ఎందుకు జూస్తలేరు?' అని ఒక తండ్రి అడిగితే నవ్వవలసినది ఏమీ లేదు. అంతకంటె హానికరమైన అపార్థం ఇంకొకటి ఉంది. 75 శాతం వైకల్యం అంటే బిడ్డలో నాలుగింట మూడు వంతులు పనికిరాదని, మిగిలినది పావు వంతేనని అనుకోవడం. ఆ శాతం బిడ్డ నేర్చుకోగలిగిన దానికి కొలత కాదు. ప్రయోజనాల కోసం ప్రభుత్వం గీసుకొన్న మెట్లు అవి, అంతే. మోడరేట్ వర్గంలోని పిల్లలు చాలామంది సరైన శిక్షణతో తమ పనులు తాము చేసుకోవడం, పరిచిత స్థలంలో తిరగడం, ఒక పని నేర్చుకోవడం చేయగలరు.

2016 డిసెంబరులో వచ్చి 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడు వైకల్యాలను ఇరవై ఒకటి చేసింది. మెంటల్ రిటార్డేషన్ అన్న మాట పోయి, మేధోవైకల్యం అనదగిన 'ఇంటలెక్చువల్ డిజెబిలిటీ' వచ్చింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం చట్టంలో విడివిడిగా స్థానం పొందాయి. దాని వెంట వచ్చిన 2018 మార్గదర్శకాలు మేధోవైకల్యాన్ని ప్రజ్ఞాలబ్ధితో మాత్రమే కాక వైన్‌లాండ్ సామాజిక పరిణతి కొలమానంతో లెక్కించాయి. అంటే బిడ్డ స్వయంగా తింటాడా, గుండీలు పెట్టుకొంటాడా, దుకాణానికి వెళ్లి చిల్లర తేగలడా అన్న ప్రశ్నలకు తల్లి చెప్పే జవాబులే అంకెగా మారుతాయి. పింఛను రాదేమో అన్న భయంతో 'ఏం జేయడు సార్' అని చెప్పడం, సిగ్గుతో 'అన్నీ జేస్తడు' అని చెప్పడం, రెండూ కాగితాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

కొలమానంలో 70–84 మధ్య వచ్చే బిడ్డ సంగతి అన్నిటికంటె కష్టం. అతనిది 'బార్డర్‌లైన్', 25 శాతం. నలభై దాటదు కనుక పింఛనూ లేదు, రిజర్వేషనూ లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యమని రాయడానికి ప్రజ్ఞాలబ్ధి 85 దాటాలి, కనుక అదీ వర్తించదు. ఊరి భాషలో 'మొద్దు' అనిపించుకొని, ఏ కాగితమూ లేకుండా ఎనిమిదో తరగతి దాకా వచ్చి బడి మానేసేవాడు తరచుగా ఇతడే. పత్తి విత్తన చేలలో, నగరాలకు పోయే కూలి గుంపులలో ఇతనిని వెదకవచ్చు. పదజాలం ఎంత విస్తరించినా రెండు గడుల మధ్య సందు మిగిలే ఉంది.

నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటే చూపు, వినికిడి, బుద్ధి బాగానే ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడకపోవడం. 2018 మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండాకనే దీనికి ధృవపత్రం ఇస్తారు. 14 ఏళ్లకు, 18 ఏళ్లకు తిరిగి పరీక్షించాలి. మూడవ తరగతిలో ఉపాధ్యాయులే ప్రాథమిక పరిశీలన జరపాలి. ఇక్కడ భాష సమస్య కూడా ఉంది. ఇంగ్లీషులో అక్షరానికి, ధ్వనికి పొంతన తక్కువ కనుక ఆ పిల్లల తప్పులు అక్షరక్రమంలో కనిపిస్తాయి. తెలుగులో రాసినట్లే చదువుతాం. కనుక మన పిల్లల కష్టం గుణింతాలలో, ఒత్తులలో, ముఖ్యంగా చదివే వేగంలో బయటపడుతుంది. 'కూడబలుక్కొని చదువుతాడు' అని పంతులు అన్నప్పుడు అది సోమరితనమా, లోపమా అని ఆగి చూడాలి.

విదేశాలలో బంధువులున్న కుటుంబాలకు ఒక హెచ్చరిక. 'లెర్నింగ్ డిజెబిలిటీ' అన్న మాట బ్రిటనులో మేధోవైకల్యానికి వాడతారు. అమెరికాలోనూ మన దేశంలోనూ చదువు, రాతలలోని నిర్దిష్ట ఇబ్బందికి వాడతారు. ఒకే మాటకు రెండర్థాలు. అలాగే ఏడీహెచ్‌డీ అని తరచుగా వినిపించే అవధాన లోపం మన చట్టంలోని ఇరవై ఒకటిలో లేదు. వైద్యుడు రాసినంత మాత్రాన అది ధృవపత్రం కాదు.

పేరు ఎవరు పెట్టాలి?

2015 డిసెంబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో 'దివ్యాంగులు' అన్న పదాన్ని సూచించారు. మరుసటి సంవత్సరం కేంద్ర శాఖ పేరులో అది చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 'విభిన్న ప్రతిభావంతులు' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. తెలంగాణలో మాత్రం సహకార సంస్థ పేరులోనూ, హక్కుల సంఘాల పేర్లలోనూ 'వికలాంగుల' అన్న మాటే నిలిచింది. మాకు దివ్యత్వం అక్కరలేదు, ర్యాంపు కావాలి అన్నది వారి వాదనలోని సారం. దయతో పెట్టిన పేరుకు, పోరాటంలో నిలుపుకొన్న పేరుకు బరువు ఒకటి కాదు. నా మట్టుకు నేను రెండవదాని వైపు మొగ్గుతాను. అయితే బిడ్డను పేరుతో పిలవడం మూడవ మార్గమని మరచిపోరాదు.

తిట్టు విషయంలో చట్టం ఇప్పుడు మౌనంగా లేదు. 2016 చట్టంలోని 92వ సెక్షను, బహిరంగ స్థలంలో అవమానించే ఉద్దేశంతో వికలాంగుని దూషించడాన్ని శిక్షార్హం చేసింది. శిక్ష ఆరు నెలల నుండి అయిదేళ్ల వరకు. 2024 జులైలో సుప్రీంకోర్టు చలనచిత్రాలలో ఇటువంటి పదాల వాడకంపై మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 1912లో ఇడియట్ చట్టంలోని పదం. నూట నాలుగేళ్ల తరువాత అదే మాట చట్టం శిక్షించగల పదం.

జిల్లాలు దగ్గరైన తరువాత

2016 అక్టోబరులో జిల్లాలు, డిసెంబరులో హక్కుల చట్టం, దాదాపు కవలలుగా వచ్చాయి. అంతకుముందు అలంపూర్ నుండి గాని, నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్ నుండి గాని జిల్లా కేంద్రమైన మహబూబ్‌నగర్ చేరాలంటే సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణం. నడవలేని బిడ్డను చంకనెత్తుకొని రెండు బస్సులు మారి వచ్చిన తల్లికి ఆ రోజు డాక్టరు లేడంటే కూలి పోయినట్లే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2022లో, గద్వాలలో 2024లో ప్రారంభమయ్యాయి. దూరం తగ్గిన మాట నిజం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో వచ్చిన కంప్యూటరు ధృవపత్ర విధానం పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల కూర్పు. జనం దానిని 'సదరం' అని తెలుగు మాటగా చేసుకొన్నారు. 'సదరం అయ్యిందా?' అన్న ప్రశ్న పాలమూరులో ఎవరికైనా అర్థమవుతుంది. 2021 జూన్ 1 నుండి ధృవపత్రాలు యూడీఐడీ పోర్టలు ద్వారానే ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది, తెలంగాణ తరువాత దానికి మారింది. మాట మాత్రం సదరమే. ఈ కాగితం ప్రజల మనసులో పింఛనుతో ముడిపడి ఉంది. అందులో తప్పు లేదు, 2023 జులై నుండి నెలకు 4016 రూపాయలైన ఆ మొత్తం కూలి కుటుంబానికి చిన్నది కాదు. కానీ అదే కాగితం బడిలో కూడా పనిచేస్తుందన్నది తెలియకపోవడం నష్టం. 40 శాతం దాటిన బిడ్డకు 6 నుండి 18 ఏళ్ల వరకు, తాను ఎంచుకొన్న సమీప బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు 31వ సెక్షనులో ఉంది. 2013 కేంద్ర మార్గదర్శకాలు పరీక్షలో రాతసాయకుని, గంటకు 20 నిమిషాలకు తగ్గని అదనపు సమయాన్ని సూచించాయి. వీటిని పదో తరగతి పరీక్షల ముందురోజు కాక, తొమ్మిదో తరగతిలోనే అడిగి రాయించుకోవాలి.

నేర్పేవారి కొరత వేరే అధ్యాయం. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో పదిహేనుమందికి ఒకరు ఉండాలని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రకటించిన 11,062 ఉపాధ్యాయ ఖాళీలలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 సెకండరీ గ్రేడ్ పోస్టులు చేర్చబడ్డాయి. రాష్ట్రమంతటికీ కలిపి వెయ్యికి పదహారు ఎక్కువ. 2011 జనాభా లెక్కల ఆధారంగా గద్వాల జిల్లా అక్షరాస్యత 49.87 శాతం. పెద్దలలో సగానికి పైగా చదవలేని చోట, బిడ్డ కాగితాన్ని చదివి వినిపించగల మనిషి బడిలో తప్ప మరెక్కడా దొరకడు. ఆ పోస్టులలో ఎన్ని గట్టుకు, ఐజకు, పానగల్లుకు, లింగాలకు చేరాయో ఆయా మండలాల తల్లిదండ్రులు విద్యాశాఖ కార్యాలయంలో అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకు రుసుము పది రూపాయలు.